సంజీవయ్య పెట్టిన శాఖ

దగ్గరికి జరగండి అబ్బయ్యా, కందికట్టె బాగానే రాజుకుంది. చెనిక్కాయలు నిప్పుల్లో వేసుకోండి. పొట్టు మాడితే మాడనీ, గింజకు రుచొస్తాది. మీ అన్న పొద్దున పేపరు ముందరేసి ఒక మాట అడిగినాడు. చేన్లో పనుండి అప్పుడు చెప్పలేకపోతి.

వాడు లా చదువుతాండాడు గదా, వాని ప్రశ్న ఇది. "జేజినాయనా, అవినీతి నిరోధక శాఖ, అదే ఏసీబీ, కట్టిన కేసుల్ని మన హైకోర్టు కొట్టేసింది. 2026 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ వాటిని నిలబెట్టింది. కేసు పేరే 'జాయింట్ డైరెక్టర్, రాయలసీమ, ఏసీబీ' అని ఉండాది. ఆస్తులు యాడనుంచి వచ్చినాయనేది పక్కకు పోయి, విజయవాడ ఆఫీసు పోలీస్ స్టేషన్ అవునా కాదా అని కొట్లాడుకున్యారు. ఇదేం న్యాయం?"

సంగతేందంటే, 2014లో రాష్ట్రం రెండు ముక్కలైనాక ఏసీబీ మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు నుంచి విజయవాడకు వచ్చింది. ఆడ కేసులు కట్టింది. కేసుల్లో పడిన ఉద్యోగులు కోర్టుకు పోయి, "ఈ ఆఫీసును పోలీస్ స్టేషన్‌గా గెజిట్‌లో వేయలేదు, కాబట్టి ఈడ కట్టిన ఎఫ్‌ఐఆర్ చెల్లదు" అన్యారు. హైకోర్టు సరే అనింది. సుప్రీంకోర్టు మాత్రం, పాత రాష్ట్రంలో ఉన్న ఉత్తర్వులు విభజన తర్వాత కూడా నడుస్తాయి, ఇంత సన్నని సందు పట్టుకుని దర్యాప్తుల్ని మొదట్లోనే తుంచేస్తే ఎట్ల అని మందలించింది.

నా మటుకు నాకు సుప్రీంకోర్టు చెప్పిందే సరి. కానీ అంత మాటతో ఊరుకుంటే మీకు సగమే తెలిసినట్టు. ఈ శాఖ పుట్టిందే మన కర్నూలాయన చేతిలో. ఆడినుంచి రావాల.

పెదపాడు తెలుసు గదా, కర్నూలు పక్కనే. దామోదరం సంజీవయ్యది ఆ ఊరు. 1921లో పేదింట్లో పుట్టి, మద్రాసులో లా చదివి, 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయినాడు. దేశం మొత్తమ్మీద దళితుల్లో ముఖ్యమంత్రి అయిన మొదటి మనిషి ఆయనే. మరుసటేడు, 1961 జనవరి 2న, అవినీతి నిరోధక శాఖ మొదలైంది. అప్పుడు నేను హైస్కూల్లో ఉంటి. మా నాయనకు అది పెద్ద వింత. "సర్కారు మనిషిని సర్కారే పట్టుకుంటాదంట" అని రచ్చకట్ట మీద అందరికీ చెప్తాండె. నమ్మినోళ్లు తక్కువ.

సంజీవయ్య 1962 మార్చిలో దిగిపోయినాడు. నీలం సంజీవరెడ్డి మళ్లీ ముఖ్యమంత్రిగా వచ్చినాడు. అప్పుడే మన జిల్లా బస్సుల గలాటా మొదలైంది.

ఆ కాలంలో మన పక్క బస్సులన్నీ ప్రైవేటోళ్లవి. మా చిన్నాయన ఆదోని సర్వీసులో క్లీనరు. పొద్దన్నే లేచి ఇంజనుకు హ్యాండిలు తిప్పడం, టాపు మీద మూటలు కట్టడం, ఇదీ ఆయన పని. సర్కారు బస్సుల్ని జాతీయం చేయాలనుకుంది. చేయడం తప్పు కాదు, చట్టముండె. ఏ జిల్లా తర్వాత ఏ జిల్లా తీసుకోవాలో అనంతరామకృష్ణన్ కమిటీ ఒక వరుస కూడా చెప్పింది. ఆ వరుసను పక్కనబెట్టి ఉన్నట్టుండి కర్నూలు జిల్లా పడమటి సగాన్ని ముందుకు లాగినారు. బస్సుల యజమానులు ఏమన్యారంటే, "ఎన్నికల్లో మేము ముఖ్యమంత్రి వర్గానికి ఎదురు పనిచేసినాము, అందుకే మా మీద కక్ష తీర్చుకుంటాండారు." ప్రమాణపత్రంలో రాసి కోర్టులో పెట్టినారు.

హైకోర్టు వాండ్ల మాట ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకు పోయినారు. రౌజీ కేసు అంటారు దాన్ని, సి.ఎస్. రౌజీ. 1964 జనవరిలో తీర్పొచ్చింది. రాసింది జస్టిస్ రాజగోపాల అయ్యంగార్. ఈ తీర్పును మీ అన్నతో చదివించుకున్నా. పదవిలో ఉన్నోళ్ల మీద దురుద్దేశం అంటగట్టడం ఈ మధ్య ఎక్కువైంది, కాబట్టి అట్లాంటి మాటల్ని జాగ్రత్తగా జల్లించి చూడాల అని ముందే చెప్పుకున్యారు. చెప్పి, ఒక్క ప్రశ్న దగ్గర ఆగినారు. ముఖ్యమంత్రి మీద ఇంత స్పష్టంగా ఆరోపణ చేస్తే, ఆయనే ప్రమాణం చేసి కాదని ఎందుకు చెప్పలేదు? ఆయన మనసులో ఏముందో పక్కనోళ్లు ఎట్ల చెప్తారు? జవాబు చెప్పాల్సినోడు చెప్పలేదు కాబట్టి ఆరోపణ నిలబడినట్టే అని ఆ జాతీయం స్కీములు కొట్టేసినారు.

అప్పుడు కోర్టు దర్యాప్తు చేయలేదు, ఎవరినీ జైలుకు పంపమనలేదు. తన ముందరున్న కాగితాల మీద తన పని చేసింది, అంతే. ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేసినాడు. కొన్ని నెలలకే ఢిల్లీలో మంత్రి అయినాడు, 1977లో రాష్ట్రపతి కూడా అయినాడు, అది వేరే ముచ్చట. కోర్టు రాసిన నాలుగు మాటలకు ముఖ్యమంత్రి కుర్చీ దిగడం మాత్రం నేను కండ్లారా చూసినా. 1992లో ఇంకోసారి చూస్తిమి. ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల విషయంలో హైకోర్టు తప్పుబడితే నేదురుమల్లి జనార్దనరెడ్డి దిగినాడు, మన కోట్ల విజయభాస్కరరెడ్డి ఎక్కినాడు. కర్నూల్లో టపాకాయలు కాల్చినారు గానీ, తీర్పులో ఏముందో ఒక్కడూ అడగలేదు.

సరే, ఏసీబీ కాడికి వస్తా.

నేను సర్కారు గుమాస్తాగా ఉన్నప్పుడు ఒక ట్రాప్ కేసులో మధ్యవర్తిగా కూర్చున్యా. ఏ ఆఫీసో, ఎవరో చెప్పను. ఏసీబీ వాండ్లు బయటోళ్లను పిలవరు, వేరే శాఖల్లో పనిచేసే ఇద్దరు ఉద్యోగుల్ని మధ్యవర్తులుగా తెచ్చుకుంటారు. ఫిర్యాది తెచ్చిన నోట్ల నంబర్లు మాచేత రాయించినారు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసినారు. కంటికి ఏమీ కనపడదు. ఆ నోట్లు తాకిన చేతిని సోడా నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు సీసాలో పోసి, సీలేసి, మేము సంతకాలు పెట్టాల. దాన్నే మధ్యవర్తుల రిపోర్టు అంటారు. ఆ పొద్దు ఆ మనిషి చేతులు ముంచంగానే నీళ్లు మారిపోయినాయి. ఆయన నోరు తెరవలేదు.

కేసు కోర్టుకు వచ్చేసరికి ఏండ్లు గడిచినాయి. సాక్షి బోనులో ఫిర్యాది నిలబడి, "నన్నెవరూ అడగలేదు, నేనియ్యలేదు" అన్యాడు. కేసు పడిపోయింది. ఎవరు ఎవరితో రాజీ పడినారో నాకు తెలియదు, ఊహించి చెప్పడం నాకు ఇష్టం లేదు. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు కూర్చుని, ఫిర్యాది చనిపోయినా, ఎదురు తిరిగినా, మిగతా సాక్ష్యంతో లంచం రుజువు చేయొచ్చని చెప్పినారు. ఆ మాట నా కాలంలో వచ్చుంటే ఆ సీసాకు విలువుండేది.

ఇంక అసలు సంగతి. దర్యాప్తు నడస్తాంటే కోర్టు మధ్యలో రావచ్చా? ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. 1944లో, మన దేశాన్ని తెల్లోళ్లు ఏలేటప్పుడు, లాహోరు కేసొకటి లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది, ఖ్వాజా నజీర్ అహ్మద్ కేసు. పోలీసుల పని పోలీసులది, కోర్టు పని కోర్టుది, అభియోగం ముందుకొచ్చినప్పుడే కోర్టు పని మొదలైతాది అన్యారు. స్వాతంత్ర్యం వచ్చినాక కూడా మనోళ్లు ఆ మాటనే పట్టుకున్యారు. 1990లో హర్యానా భజన్‌లాల్ కేసులో దానికి హద్దులు గీసినారు. ఆయన మాజీ ముఖ్యమంత్రి, ఆస్తుల మీద ఫిర్యాదు. హైకోర్టు ఎఫ్‌ఐఆర్ కొట్టేస్తే సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కానీ దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టరుకు చట్టప్రకారం అధికారం లేదని ఆ దర్యాప్తును మాత్రం రద్దు చేసింది. చూడు, రెండు చేతులా న్యాయం చేసినారు. ఏయే సందర్భాల్లో కేసు కొట్టేయొచ్చో ఏడు రకాలు చెప్పినారు. అందులో ఏడోది, కక్షతో పెట్టిన కేసు.

ఆ ఏడోదాన్ని మన సీమలో ఎవరూ తీసిపారేయలేరు. ఫ్యాక్షన్ ఊర్లలో ఒక తల పగిలితే ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని పేర్లు రాపిస్తాండ్రో మీకు తెలియదు. పెండ్లికని పొద్దుటూరు పోయినోని పేరుంటాది, మంచంలో పడిన ముసలాయన పేరుంటాది, కాలేజీలో సీటొచ్చిన పిల్లోని పేరు కావాలనే ఇరికిస్తాండ్రి. అట్లాంటోళ్లకు కేసు కొట్టేసే హైకోర్టు క్వాష్ ఆర్డరే దిక్కు. ఆ తలుపు మూయమని నేను ఏ పొద్దూ అనను.

ఆఫీసర్ల సంగతిలో ఇంకొక జాగ్రత్త ఉండాది. 1970లో మద్రాసు హైవేస్ చీఫ్ ఇంజనీరు సిరాజుద్దీన్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, పదవిలో ఉన్న మనిషి మీద ఊరికే కేసు కడితే ఆయన పరువే కాదు, ఆ శాఖ పరువూ పోతాది, అందుకని ముందు ప్రాథమిక విచారణ చేసుకోండి అని. మంచి మాటే. కానీ మంచి మాటను కూడా మనోళ్లు గొళ్లెం చేస్తారు. ప్రాథమిక విచారణ చేయలేదు కాబట్టి కేసే చెల్లదని వాదించడం మొదలుపెట్టినారు.

ఈ వాదన మన ముంగిట్లోకే వచ్చింది. ఎర్రగొండపాలెం, మార్కాపురం తర్వాత ప్రకాశం జిల్లాలోకి పోయినాయి గానీ, 1970 దాకా మన కర్నూలు జిల్లానే. ఎర్రగొండపాలెం ఎమ్మెల్యే ఆదిమూలపు సురేష్ 2019లో విద్యాశాఖ మంత్రి అయినాడు. ఆయన భార్య ఆదాయపన్ను శాఖలో పెద్దాఫీసరు. ఆదాయానికి మించిన ఆస్తులున్నాయని 2017లో సీబీఐ ఆమె మీద కేసు కట్టింది, సాయం చేసినాడని ఆయన పేరూ చేర్చింది. సీబీఐ లెక్క ప్రకారం తేడా 1 కోటి 10 లక్షల పైన. 2020లో తెలంగాణ హైకోర్టు కేసు కొట్టేసింది. ప్రాథమిక విచారణ లేదన్యారు, పైగా ఐటీ రిటర్నులు, ఎన్నికల అఫిడవిట్లు తెప్పించుకుని హైకోర్టే ఆస్తుల లెక్క కూడినట్టయింది.

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. ముగ్గురు జడ్జీలు, జస్టిస్ చంద్రచూడ్ రాసినాడు. ప్రాథమిక విచారణ చేస్తే మంచిదే, కానీ అది నిందితుని హక్కు కాదు, తప్పనిసరి కూడా కాదు. ఎఫ్‌ఐఆర్ దశలో ఆదాయమెంత, ఖర్చెంత అని హైకోర్టు లెక్కలేసుకుంటే ఇంక ట్రయల్ కోర్టు ఎందుకు? కల్లంలో జొన్న ఇంకా తూర్పారబట్టకముందే గింజల లెక్క రాసుకున్నట్టు ఉంటాది ఆ పని. వాండ్లు తప్పు చేసినారని ఈ తీర్పు చెప్పలేదు, అది మరిచిపోవద్దు. లెక్క తేల్చే చోటు ఇది కాదు, అదీ చెప్పింది.

మీ అన్న అడ్డం వచ్చి అడుగుతాండాడు చూడండి. "మరి పెద్ద నాయకుల సంగతి?"

ఆ సంగతి కడప నుంచి చెప్పాల. 2011 ఆగస్టు 10న హైకోర్టే సీబీఐ విచారణకు ఆదేశమిచ్చింది, అప్పటి కడప ఎంపీ జగన్మోహనరెడ్డి ఆస్తుల మీద. ఎమ్మెల్యే శంకర్రావు రాసిన ఉత్తరమే పిటిషన్ అయింది. అదే ఏడు నవంబరులో పులివెందుల ఎమ్మెల్యే విజయమ్మ పిటిషన్ మీద చంద్రబాబు ఆస్తుల విచారణకు కూడా హైకోర్టు ఆదేశమిచ్చింది. 2012 ఫిబ్రవరిలో ఆ ఆదేశం రద్దయింది. ఆ మేలో జగన్ అరెస్టయినాడు, పదహారు నెలలు జైల్లో ఉండి 2013 సెప్టెంబరులో బెయిలు మీద వచ్చినాడు. దర్యాప్తుకు అడ్డం పోవడం ఒకటే కాదు, దర్యాప్తును పుట్టించడం కూడా కోర్టుల చేతిలోనే ఉండాదని మా ఈడోళ్లకు అప్పుడు తెలిసొచ్చింది. ఒకరికి పుట్టించి, ఒకరికి ఆపితే, కారణాలు ఎంత బాగుండనీ, జనం ఎవరి రంగు అద్దాల్లోంచి వాండ్లు చూస్తారు. కడప హోటళ్లలో ఒక మాట, కుప్పం హోటళ్లలో ఇంకో మాట.

2019లో జగన్ ముఖ్యమంత్రి అయినాడు. ముందరి చంద్రబాబు సర్కారు నిర్ణయాల మీద సిట్ అనే దర్యాప్తు బృందాన్ని వేసినారు. 2020 సెప్టెంబరులో హైకోర్టు స్టే ఇచ్చింది. రెండున్నరేండ్లు దాటినాక, 2023 మేలో, సుప్రీంకోర్టు ఆ స్టే తీసేసింది. అప్పటికే సర్కారు గడువు చివరికొచ్చింది. స్టే అనేది తీర్పు కాదంటారు వకీళ్లు. రాజకీయాల్లో మాత్రం అదే తీర్పు.

అదే ఏడు సెప్టెంబరు 9న, తెల్లారుతాంటే, నంద్యాలలో చంద్రబాబును సీఐడీ అరెస్టు చేసింది. ఫంక్షన్ హాలు కాడ బస్సులో పండుకున్నాడు. స్కిల్ డెవలప్‌మెంట్ కేసు. రాజమండ్రి జైలుకు పంపినారు. ఆయన వకీళ్ల వాదన అంతా ఒక సెక్షన్ మీద నడిచింది, అవినీతి నిరోధక చట్టంలో 17ఎ. ఉద్యోగ బాధ్యతలో తీసుకున్న నిర్ణయం మీద విచారణ చేయాలంటే ముందే పైనుంచి అనుమతి కావాలనేది ఆ సెక్షన్. 2018లో చేర్చినారు.

దీని వెనక కథ ఇంకా పాతది. పెద్దాఫీసర్ల మీద సీబీఐ విచారణకు ముందు అనుమతి ఉండాలని కేంద్రం ఒక ఆదేశం పెట్టుకునింది. 1997లో వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2003లో అదే మాటను చట్టంగా తెచ్చినారు. 2014లో అయిదుగురు జడ్జీలు దాన్నీ కొట్టేసినారు, పెద్దాఫీసరుకు ఒక న్యాయం, చిన్నోనికి ఒక న్యాయమా అని. 2018లో ఈసారి పెద్ద, చిన్న తేడా లేకుండా అందరికీ అని తెచ్చినారు. అందరికీ అన్యారు గానీ, లంచం తీసుకుంటా రెడ్‌హ్యాండెడ్‌గా దొరికినోనికి అనుమతి అక్కర్లేదని పక్కనే రాసినారు. ఇంక చూసుకో. పట్టాదారు పుస్తకానికి రెండువేలు తీసుకున్న గుమాస్తాను అక్కడికక్కడే పట్టుకోవచ్చు. ఫైలు మీద సంతకం పెట్టి కోట్లు అటూ ఇటూ చేసినాడనే పెద్దమనిషిని ముట్టుకోవాలంటే ముందు అర్జీ పెట్టాల. నిజాయితీగా సంతకం పెట్టే ఆఫీసరుకు భయముండకూడదనే మాట నేను ఒప్పుకుంటా, నేనూ ఫైళ్లు పట్టినోన్నే. కానీ అనుమతి ఇచ్చేది అదే సర్కారైనప్పుడు, తన మనిషికి ఇస్తాదా, ఎదుటి మనిషికి ఆపుతాదా?

చంద్రబాబు క్వాష్ పిటిషన్‌ను హైకోర్టు సెప్టెంబరు 22న కొట్టేసింది. దర్యాప్తు నడిచేటప్పుడు మేము మినీ ట్రయల్ పెట్టము అనింది. అక్టోబరు 31న ఆరోగ్య కారణాల మీద మధ్యంతర బెయిలు, నవంబరు 20న మామూలు బెయిలు వచ్చింది. 2024 జనవరి 16న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు తీర్పు చెప్పినారు. జస్టిస్ అనిరుద్ధ బోస్ అనుమతి కావాలన్యాడు, అయినా రిమాండు మాత్రం రద్దు చేయనన్యాడు. జస్టిస్ బేలా త్రివేది, 2018కి ముందు పనులకు ఆ సెక్షన్ వర్తించదనింది. చెరో దారి కాబట్టి ప్రధాన న్యాయమూర్తి కాడికి పంపినారు. ఆ మధ్యలో ఎన్నికలొచ్చినాయి, చంద్రబాబు మళ్లీ ముఖ్యమంత్రి అయినాడు.

ఇప్పుడు నా మాట. దర్యాప్తును మొదట్లో కోర్టు తుంచకూడదు, నూటికి తొంభై కేసుల్లో ఇదే సరి. కానీ దర్యాప్తును సాగనిచ్చి, దాని తర్వాత కేసును పది, పన్నెండేండ్లు వాయిదాల్లో నాన్చితే, మొదట్లో తుంచిందానికీ దీనికీ తేడా ఏముంది? బస్సుల గలాటా 1962లో మొదలైతే, రౌజీ కేసు 1964కు తేలిపోయింది. 2011లో మొదలైన జగన్ కేసులు ఆయన ముఖ్యమంత్రి కావడం, దిగడం కూడా చూసినాయి. తప్పు చేసుంటే శిక్ష పడలేదు, చేయకుంటే మచ్చ పోలేదు. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులు త్వరగా తేల్చే పనిని హైకోర్టులే స్వయంగా చూసుకోవాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దర్యాప్తుకు అడ్డం పోని కోర్టు, ఆ దర్యాప్తును తేదీలు పెట్టి నిలదీయాల కూడా. మొదటిది చేసి రెండోది చేయకపోతే అధికారంలో ఉన్నోనికి లాభం, అంతే.

పెద్దోడా, నువ్వు రేపు నల్లకోటు వేసుకుంటావు. కక్షతో ఇరికించిన పేదోడు వస్తే ఫీజు చూడకుండా క్వాష్ పిటిషన్ వేయి. ఆస్తుల లెక్క చూపలేక గెజిట్‌లో సందులు వెతకమనేటోడు వస్తే, కర్నూల్లోనే ఏసీబీ కోర్టు ఉండాది, లెక్క ఆడ చెప్పుకోమని పంపించు.